బల్ల దగ్గర తమ్ముడు లేడు

రూల్సు రాసింది నేనే. అందువల్ల ఇంకొకరిని తిట్టుకునే హక్కు నాకు లేదు.

1946 ఎండాకాలం అది. యుద్ధం ముగిసి, దండులోని, అంటే కంటోన్మెంటులోని, తెల్ల సోల్జర్లు పెట్టెలు సర్దుకుంటున్నారు. ఖాళీ చేసి పోతున్న ఒక మెస్సు నుంచి బళేపేటలోని మా క్లబ్బువాళ్లు బిలియర్డ్స్ బల్ల కొన్నారు. బల్ల కింది రాతిపలకలను రెండెద్దుల బండిలో తెచ్చి, ఒక్కొక్కటే నలుగురు మోసి లోపల పెట్టారు. క్లబ్బు మెంబర్లలో ఎక్కువమంది చిక్కపేట వ్యాపారులు, మిగతావాళ్లు ప్లీడర్లు. బల్లయితే వచ్చింది, ఆడడం ఎట్లాగో ఎవరికీ తెలియదు. తెలిసినవాణ్ణని నన్ను మార్కరుగా పెట్టుకున్నారు.

ముప్పై ఏళ్లు దండులో ఒక ఆఫీసర్ల క్లబ్బులో మార్కరుగా ఉన్నాను. మార్కరంటే బంతులు తుడిచేవాడు, క్యూ కర్రలకు సుద్ద రాసి అందించేవాడు, ప్రతి దెబ్బకూ స్కోరు గట్టిగా చెప్పేవాడు. తగాదా వస్తే ఏది ఫౌలో ఏది కాదో తేల్చవలసినవాడు కూడా అతనే. ఈ చివరి పని మాత్రం కాగితం మీదే ఉండేది. ఆటలో దొర చొక్కా చెయ్యి బంతికి తగిలేది. ఆయన తల కూడా తిప్పకుండా "మార్కర్, తగిలిందా?" అని అడిగేవాడు. "నో సార్" అనాలి. తగిలిందని చెప్పినవాణ్ణి ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. వచ్చే వారం వాడు వరండా ఊడుస్తూ కనిపించేవాడు, అంతే. దొడ్డబళ్ళాపురంలో మగ్గం వదిలిపెట్టి దండుకు వచ్చి మార్కరైన మా నాయన, క్యూ పట్టడం కంటే ముందు నాకు ఈ మాట నేర్పాడు. నేను నా తమ్ముడు మునినారాయణప్పకు నేర్పాను.

తమ్ముడు దాన్ని ఇంట్లో వినోదం చేసేశాడు. కాటన్‌పేటలో మాది రెండు గదుల ఇల్లు. వాడు భోజనానికి కూర్చుంటే నా భార్య సొన్నమ్మ "ఇంగొంచెం సంగటి పెట్టేదా?" అని అడిగేది. వాడు కూర్చున్నచోటే నడుం నిటారుగా చేసి, చేతులు తొడలకు ఆనించి, గడ్డం పైకెత్తి "నో సార్" అనేవాడు. వాడి భార్య కెంపమ్మ కొంగు నోట్లో కుక్కుకునేది. రోజూ చూసేదే అయినా రోజూ నవ్వేవాళ్లం. నాకైతే ఆ గొంతు అచ్చం నాదేననిపించేది.

ఆ ఏడు వాడు నవ్వించడం తగ్గింది. వాడు మార్కరుగా పనిచేసే సోల్జర్ల కాంటీను మాఘమాసంలో మూసేశారు. మూడు నెలలుగా ఇంట్లోనే ఉన్నాడు. కెంపమ్మకు ఐదో నెల. దొడ్డబళ్ళాపురం నుంచి ఆమె పుట్టింటివాళ్లు కబురు మీద కబురు పంపుతున్నారు, ఒక మగ్గం ఖాళీగా ఉండాది, అల్లుణ్ణి వచ్చి కూర్చోమనండి అని. అత్తగారింట్లో, మా నాయన లేచివచ్చిన మగ్గం గుంటలోనే పోయి కూర్చోవడమంటే వాడికి ప్రాణం పోయినట్టుండేది.

అటువంటప్పుడు క్లబ్బు సెక్రటరీ నన్ను పిలిచాడు. ఆయన ప్లీడరు, మంచివాడు, తొందరెక్కువ.

"గిరియప్పా, ఒక టోర్నమెంటు పెడదాం. పేటలో ఎవురైనా ఆడొచ్చు. మెంబర్లు, మార్కర్లు అని భేదం వద్దు. మార్కరు గెలిస్తే వాణ్ణి మనకు కోచ్‌గా పెట్టుకుందాం. వెనకాల ఉండే ఇల్లు ఇద్దాం. అందరినీ ఓడించినోని దగ్గిర నేర్చుకునేకి మెంబర్లకు నామోషీ ఉండదు. మెంబరు గెలిస్తే కప్పు ఇచ్చి చప్పట్లు కొడదాం. అంతా నువ్వే నడిపించల్ల."

మార్కరు టోర్నమెంటులో ఆడడం నేనెప్పుడూ వినలేదు. దొరలతో మేం ఆడేవాళ్లం, నిజమే. నాలుగైదు పాయింట్ల తేడాతో ఓడిపోవడం మా పనిలో భాగం. ఎక్కువ తేడాతో ఓడితే ఆట బాగాలేదని దొరకు విసుగు, గెలిస్తే అంతకంటే విసుగు. గెలవడానికి ఆడమని ఒక మార్కరుతో ఎవరైనా అనడం అదే మొదలు. ఇంటికి పోయి తమ్మునికి చెప్పాను. వాడు "నిజంగా గెలవొచ్చా అన్నా?" అన్నాడు. వాడి వయసు ఇరవై తొమ్మిది.

నేను రూల్సు రాయడానికి కూర్చున్నాను. హాలు గోడకు తగిలించే పెద్ద అట్ట మీద తెలుగులో ఒక పక్క, కన్నడంలో ఒక పక్క. ఆరు రూల్సు. మూడోది ఇది: ఆడేవాని చెయ్యిగాని, బట్టగాని, ఒంటి మీది ఏ వస్తువుగాని బంతికి తగిలితే ఫౌల్, ఆ దెబ్బకు వచ్చిన పాయింట్లు చెల్లవు, ఆడే వంతు ఎదుటివానికి పోతుంది. ఆరోది: మార్కరు చెప్పిందే కడపటి మాట. ఈ ఆరోదాన్ని రెండుసార్లు దిద్ది రాశాను. ముప్పై ఏళ్ల నౌకరీలో నా మాట కడపటిది కావడం అదే మొదలు మరి.

పేర్ల జాబితా చూసి సెక్రటరీ తల గోక్కున్నాడు. "మునినారాయణప్ప నీ తమ్ముడు గదప్పా. రేపు ఎవురన్నా ఏమన్నా అంటే?"

"బల్ల దగ్గిర నాకు తమ్ముడు లేడు సార్" అన్నాను.

ఆ మాట నాకే ఎంతో బాగుందనిపించింది. ఆ సాయంత్రం సొన్నమ్మకు చెప్పాను. మరునాడు అంగట్లో చెప్పాను. మంగలి గడ్డం గీస్తుంటే వాడికి కూడా చెప్పాను.

కరగ జాతర జరిగిన మరుసటి ఆదివారం సెమీఫైనల్. మధ్యాహ్నం మూడు గంటలకే హాలు నిండిపోయింది. తమ్మునికి ఎదురు ఒక రైల్వే గుమాస్తా. అప్పటిదాకా ఆడడానికి వచ్చిన అందరి చేతా ఉత్తరీయాలు తీయించి గోడ చిలుక్కొయ్యకు తగిలించాను. మరీ ఇంత చాదస్తమా అని కొందరు గొణిగారు. నేను వినిపించుకోలేదు.

తమ్ముడు ఆడుతుంటే చూడవలసిందే. ఎప్పుడూ పాయింట్లు దాచిపెట్టి ఆడినవాడు, ఆ రోజు చేతిలో ఉన్నదంతా బల్ల మీద పెట్టాడు. ఇంక పన్నెండు పాయింట్లు చేస్తే గెలుపు. బల్ల అంచు మీదికి బాగా వంగి ఒక పొడుగు దెబ్బ కొట్టాడు. ఎర్రబంతి బల్ల జేబులో పడింది. హాలు చప్పట్లు కొట్టింది. కాని వాడు వంగినప్పుడు పంచె కుచ్చె అంచు మీద నుంచి జారి తెల్లబంతికి రాసుకుంది. గుమాస్తా ఆ క్షణాన మంచినీళ్లు తాగుతున్నాడు. ఇంకెవరూ చూడలేదు. నేను చూశాను.

"ఫౌల్" అన్నాను.

చప్పట్లు ఆగిపోయాయి. తమ్ముడు నా వైపు చూశాడు, పంచె వైపు చూసుకున్నాడు. తర్వాత నవ్వాడు. "అవునన్నా, తగిలింది" అని వెళ్లి కూర్చున్నాడు.

గుమాస్తా దగ్గరదాకా వచ్చి తప్పాడు. చివరికి తమ్ముడే గెలిచాడు. అయితే హాలులో జనం చుట్టుముట్టింది వాణ్ణి కాదు, నన్ను. చిక్కపేటలో పట్టు వ్యాపారం చేసే నంజుండశెట్టి, క్లబ్బుకు వైస్ ప్రెసిడెంటు, నా భుజం తట్టి "సొంత తమ్మునికే ఫౌల్ చెప్పినావు గదప్పా. ధర్మరాజువి నువ్వు" అన్నాడు. ఇంటికి నడిచిపోతుంటే కాళ్లు నేల మీద ఉన్నాయో లేదో నాకే తెలియదు.

ఇంట్లో సొన్నమ్మ సంగటి ముద్దను పళ్లెంలో ఠప్పున వేసింది.

"చూసింది నువ్వొక్కడివేనంట గదా."

"ఒక్కడు చూసినా ఫౌల్ ఫౌలే."

"ఎవురూ చూడందాన్ని చెప్పేకి నీకేం పట్టింది? ఆ పిల్ల కడుపుతో ఉండాది. వాడు ఓడిపోయుంటే?"

తమ్ముడే అడ్డుపడ్డాడు. "సుమ్నే ఊరుకో వదినా. అన్న చేసింది సరి. నాకు చెప్పినోడు రేపు ఫైనల్లో అవతలోనికి చెప్పడా? ఆయప్ప నిలబడుండాడంటే నాకు భయమే లేదు."

మరునాడు కెంపమ్మ కంటోన్మెంటు సంతలో దొరికిన పాత మిలిటరీ ఖాకీ ప్యాంటు ఒకటి ముందు వేసుకుని కూర్చుంది. కడుపు అడ్డం వస్తుంటే కాళ్లు పక్కకు చాపి, ప్యాంటు కాళ్లు సన్నగా చేసి, నడుం బిగించి కుట్టింది. మా ఇంట్లో అదే మొదటి ప్యాంటు. తమ్ముడు తొడుక్కుని వంగాడు, లేచాడు, మళ్లీ వంగాడు. బట్ట ఎక్కడా వేలాడలేదు. "ఇప్పుడు ఫౌల్ చెప్పు చూస్తాం అన్నా" అన్నాడు. అందరం నవ్వాం. ఆ ఇంట్లో అట్లా నలుగురం కలిసి నవ్వింది అదే ఆఖరుసారి.

ఆ తర్వాతి ఆదివారం ఫైనల్లో తమ్మునికి ఎదురు నంజుండశెట్టి.

ఆయన గురించి ఉన్నమాట చెప్పాలి. రెండు నెలల్లో ఆయనంత శ్రద్ధగా నా దగ్గర ఆట నేర్చుకున్నవాడు ఇంకొకడు లేడు. చెడ్డవాడు కూడా కాదు. ఆయన చెడ్డవాడై ఉంటే నాకు ఈ కథ చెప్పే అవసరం ఉండేది కాదు.

ఆయన జరీ పంచె కట్టుకుని, భుజాన జరీ ఉత్తరీయం వేసుకుని వచ్చాడు. చిలుక్కొయ్య దగ్గరికి తీసుకుపోదామని నేను ముందుకు వెళ్లాను. అప్పుడే సెక్రటరీ ఆయనకు పూలదండ వేస్తున్నాడు, ఎవరో ఫోటో తీస్తున్నారు. దండ తీశాక చెబుదాంలే అనుకున్నాను. దండ తీశారు. ఆయన నేరుగా వచ్చి క్యూ అందుకున్నాడు. మొదటి దెబ్బ కానిచ్చి చెబుదాంలే అనుకున్నాను. మొదటి దెబ్బా అయింది. తమ్ముడు ఒకసారి ఆ ఉత్తరీయం వైపు, ఒకసారి నా వైపు చూశాడు. నేను స్కోరు చెప్పాను.

ఆట మూడు వందలకు. రెండు గంటలసేపు ఇద్దరూ పక్కపక్కనే నడిచారు. బయట మబ్బు పట్టి హాలులో ఉక్కపోసింది. తమ్ముడు ఖాకీ ప్యాంటులో కొత్తమనిషిలా ఉన్నాడు. వాడి స్కోరు రెండువందల ఎనభై ఏడుకు చేరింది. శెట్టిది రెండువందల అరవై ఆరు. తమ్ముడు ఒక దెబ్బ తప్పి, క్యూ పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వంతు శెట్టికి పోయింది.

శెట్టి బల్ల మూలకు వంగాడు. భుజం మీది ఉత్తరీయం జారి, దాని జరీ అంచు ఎర్రబంతిని తాకింది. బంతి గోరంత కదిలింది. నేను బల్లకు అడుగు దూరంలో ఉన్నాను. నాకు చాలా స్పష్టంగా కనిపించింది. ఆ వెంటనే ఆయన దెబ్బ కొట్టాడు, తెల్లబంతి పోయి మిగతా రెండు బంతులనూ తాకింది, పాయింట్లు వచ్చాయి.

ఆయన లేచి నిలబడి ఉత్తరీయాన్ని చూసుకున్నాడు. ఆయనకే అనుమానం వచ్చింది. నా వైపు తిరిగి ఎంతో మామూలుగా అడిగాడు.

"ఏమప్పా గిరియప్పా, తగిలిందా ఏమి?"

"నో సార్" అన్నాను.

మాట బయటికి వచ్చిన తర్వాతనే నాకు వినబడింది. ఎవరూ నన్ను బెదిరించలేదు. ఎవరూ ఏమీ ఇస్తానని చెప్పలేదు. నేను ఔనని ఉంటే ఆయన క్యూ పక్కన పెట్టి వెళ్లి కూర్చునేవాడు. కూర్చోవడానికి సిద్ధపడే అడిగాడు. ఈ సంగతి అప్పుడూ నాకు తెలుసు, ఇప్పుడూ తెలుసు. ముప్పై ఏళ్లు నోటికి పట్టిన మాట, అడిగేవాడు దొరలా కనిపిస్తే చాలు, తనంతట తనే వచ్చేసింది.

సరే, అది అలవాటు. కాని తర్వాత? ఆయన క్యూ కొసకు సుద్ద రాసుకుంటున్నాడు. దానికి పట్టే సమయంలో "తప్పు చెప్పినాను సార్, తగిలింది" అనవచ్చు. ఆ నాలుగు మాటలు నా నాలుక మీదికి వచ్చాయి. హాలు నిండా జనం. పోయిన వారం నన్ను ధర్మరాజన్నవాళ్లే అందరూ. వాళ్ల ముందు అబద్ధాలకోరును అనిపించుకోవడానికి నాకు సిగ్గేసింది. తమ్ముని ఉద్యోగం కంటే, కెంపమ్మ కడుపులోని బిడ్డకు దొరకబోయే ఇంటి కంటే, నా పేరే నాకు ఎక్కువైంది. దీనికి అలవాటని పేరు పెట్టి తప్పించుకోలేను.

గోడ దగ్గర తమ్ముడు బంతి వైపు చూడడం లేదు, నా వైపు చూస్తున్నాడు. వాడికి తెలుసు. ఒక్క మాట అంటే శెట్టి ఆగేవాడేమో. అనలేదు. గోడ మీద నా చేతిరాతతో ఆరో రూలు ఉంది కదా.

శెట్టి మళ్లీ వంగాడు. ప్రతి దెబ్బకూ స్కోరు గట్టిగా చెప్పవలసింది నేనే. రెండువందల డెబ్బై నాలుగు అన్నాను. రెండువందల ఎనభై ఒకటి అన్నాను. రెండువందల తొంభై మూడు అన్నాను. నా గొంతు ఎక్కడా తడబడలేదు. మూడు వందలు అన్నప్పుడు హాలు లేచి నిలబడింది.

తమ్ముడు వెళ్లి శెట్టికి చెయ్యిచ్చాడు. క్యూ తుడిచి స్టాండులో పెట్టాడు. వాన మొదలైంది. అందులోనే నడిచి ఇంటికి వెళ్లిపోయాడు.

మూడో రోజు కమిటీ కూర్చుంది. కోచ్ మాట నేనే ఎత్తాను. "ఛాంపియన్ మనలోనే ఉండాడు, ఇంగ కోచ్ యాలప్పా?" అన్నారు. వెనక ఇంట్లో కుర్చీలు, పాత పేపర్లు పెట్టి తాళం వేశారు.

ఇంట్లో గొడవేమీ జరగలేదు. జరిగి ఉంటే బాగుండేది. తమ్ముడు వేళకు తిన్నాడు, అడిగినదానికి జవాబిచ్చాడు. సొన్నమ్మ "ఇంగొంచెం పెట్టేదా?" అంటే "చాలు వదినా" అన్నాడు. గురువారం పొద్దున కెంపమ్మ రెండు మూటలు కట్టింది. దొడ్డబళ్ళాపురం రైలుకు నేను కూడా వస్తానంటే "వద్దన్నా, వాన పడేట్టుండాది" అన్నాడు. ఖాకీ ప్యాంటు మడతపెట్టి గూట్లో పెట్టి పోయాడు.

వాళ్లు వీధి మలుపు తిరిగాక సొన్నమ్మ లోపలికి వచ్చింది.

"తగిలిందంట గదా."

"వాడు చెప్పినాడా?"

"వాడేం చెప్పలే. నాలుగు దినాల నుంచి నీ మొగమే చెప్తావుంది."

ఆమె గూట్లో ఉన్న ప్యాంటు తీసి పెట్టెలో పెట్టుకుంది.

శ్రావణంలో క్లబ్బు వార్షికోత్సవం. నంజుండశెట్టి మైకు ముందు నిలబడి, సొంత తమ్మునికే ఫౌల్ చెప్పిన మనిషి కథ చెప్పాడు. గుమాస్తా మంచినీళ్లు తాగడంతో సహా చక్కగా చెప్పాడు. ఆ కథలో ఫైనల్ రాలేదు. ఎట్లా వస్తుంది, ఆయనకు తెలియదు కదా. చెప్పడం అయ్యాక జరీ ఉత్తరీయం తెప్పించి నా భుజాన కప్పాడు. నేను వంగి నమస్కారం చేశాను. ఇప్పటికీ కొత్త మెంబరు ఎవరైనా వస్తే ఆ కథ చెబుతారు. నేను పక్కనే నిలబడి బంతులు తుడుస్తూ ఉంటాను.

భాద్రపదంలో కెంపమ్మకు కొడుకు పుట్టాడు. పదకొండో రోజుకు నేనూ సొన్నమ్మా దొడ్డబళ్ళాపురం వెళ్లాం. వీధంతా మగ్గాల చప్పుడు. సొన్నమ్మ నేరుగా లోపలికి పోయి బిడ్డను ఎత్తుకుంది. పెట్టెలోని ఖాకీ ప్యాంటు తెచ్చి కెంపమ్మకు ఇచ్చింది. కెంపమ్మ దాన్ని ఒకసారి చేత్తో నిమిరి, "బిడ్డకు పక్కబట్ట కుడతా అక్కా, గట్టిగుడ్డ" అంది.

తమ్ముడు ముందు గదిలో మగ్గం దగ్గర ఉన్నాడు. కాళ్లు గుంటలో ఉన్నాయి. నన్ను చూసి తల ఊపాడు, దారాల మధ్య విసిరే నాడె ఆపలేదు. దారంలో వాడి చెయ్యి చురుగ్గా తిరుగుతోంది. క్యూ పట్టిన చెయ్యి ఏ పనికైనా వంగుతుంది. రైల్లో అనుకుంటూ వచ్చిన మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"నారాయణా, ఊరికి రారా. క్లబ్బులో నేను మాట్లాడతా. జరిగింది జరిగినట్టు చెప్తా."

నాడె అటూ ఇటూ పోతోంది. నేను చెప్పనని మా ఇద్దరికీ తెలుసు.

"నా మీద కోపం ఉండాదా?" అని అడిగాను.

నాడె ఆగింది. తమ్ముడు కూర్చున్నచోటే నడుం నిటారుగా చేశాడు. చేతులు తొడలకు ఆనించాడు. గడ్డం పైకెత్తి, నా కళ్లలోకి చూశాడు.

"నో సార్" అన్నాడు.

లోపలి గదిలో సొన్నమ్మకూ కెంపమ్మకూ అది వినబడే ఉంటుంది. ఎవరూ నవ్వలేదు. వాడు మళ్లీ నాడె అందుకున్నాడు.